బందర్లో చూడ్డానికేముందండీ?

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మన ఆఫీసుల్లో పని సగం, ప్రయాణాల కబుర్లు సగం. అమెరికా క్లయింట్లు క్రిస్మస్ సెలవుల్లోకి వెళ్ళిపోతారు, కోడ్ ఫ్రీజ్ అంటారు, ఏడాదంతా దాచుకున్న లీవులన్నీ జనం అప్పుడే బయటికి తీస్తారు. ఒకడిది కూర్గు, ఇంకొకడిది జైపూరు, కాస్త సీనియరైతే బాలి. పోయిన డిసెంబరులో "మేం ఇంటిల్లిపాదీ బందరు వెళ్తున్నాం" అని చెప్తే, విన్న ప్రతివాడూ అడిగింది ఒకటే. "ఎవరిదైనా పెళ్ళా?" పెళ్ళీ పేరంటమూ ఏమీ లేదు, ఊరికే చూసొద్దామని వెళ్తున్నాం అంటే వెంటనే రెండో ప్రశ్న. "బందర్లో చూడ్డానికేముంది?"

బయటివాళ్ళు అడిగారంటే సరే. ఈ అడిగినవాళ్ళలో ఇద్దరిది గుడివాడ, ఒకడిది సాక్షాత్తూ పెడన :)

ఆ ప్రశ్నకి అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, వెళ్ళొచ్చాక నా జవాబు ఇది. నిజమే, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. వినడానికి మాత్రం బోలెడుంది. ఆ చెప్పేవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. అందుకని ఈ చలికాలం సెలవుల్లో ఒక్కసారైనా పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఒకే బండిలో కూర్చోబెట్టి అటు తీసుకెళ్ళమంటాను.

అసలు బందర్లో చూడ్డానికి ఎందుకు ఏమీ లేదో ముందు చెప్పుకోవాలి. జైపూరులో కొండలున్నాయి, రాయి ఉంది, కోటలు నిలిచాయి. బందరు పుట్టింది కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు మీద. ఇళ్ళు చాలావరకు కర్రతో కట్టినవి. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేవు, దూరంగా లంగరేసుకుంటే చిన్న పడవల్లో సరుకు చేరవేసేవారు. రానురాను మేట ఇంకా పెరిగింది, వ్యాపారం మద్రాసుకి తరలింది. చాలనట్టు 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. ఇన్ని దెబ్బలు తిన్న ఊళ్ళో మనకి ఫోటోలు దిగడానికి బురుజులు మిగల్లేదని చిన్నబుచ్చడం న్యాయం కాదు.

అలాగని అది చిన్న ఊరేం కాదు. 'బందరు' అంటేనే పారసీకంలో రేవు. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు ఉన్న పెద్ద వాకిలి ఇదే. 17వ శతాబ్దంలో ఇక్కణ్ణించి బర్మా, సయాం, ఇరాన్, ఎర్రసముద్రం దాకా ఓడలు వెళ్ళేవి. డచ్చివాళ్ళు ఆ శతాబ్దం మొదట్లోనే వచ్చి కూర్చున్నారు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు గ్లోబ్ అనే ఓడలో దిగారు. మద్రాసులో వాళ్ళకి చోటు దొరికింది 1639లో, అంటే దానికి 28 ఏళ్ళ ముందే బందర్లో దుకాణం పెట్టారన్నమాట. 1750లో ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు, 1759 ఏప్రిల్లో కల్నల్ ఫోర్డ్ వాళ్ళ దగ్గర్నుంచి కోట లాక్కున్నాడు.

వీటిలో కంటికి కనపడేవి తక్కువ గానీ, చెవిన పడేవి ఇప్పటికీ ఉన్నాయి. ఆటో ఎక్కి వలందపాలెం అనండి, తీసుకెళ్తాడు. వలందులంటే హాలండువాళ్ళు, డచ్చివాళ్ళు. పరాసుపేట అంటే పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళ పేట. ఇంగ్లీషుపాలెం గురించి విడమరచి చెప్పక్కర్లేదు. మూడు దేశాలవాళ్ళూ వెళ్ళిపోయారు, వాళ్ళ పేర్లు మాత్రం తెలుగు వేషం వేసుకుని ఇక్కడే ఉండిపోయాయి. ఈ ముక్క మా మేనకోడలికి చెప్తే (తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి) రోజంతా కనపడ్డ ప్రతి పేట బోర్డూ చదివి "మావయ్యా, ఇది ఎవరి పేట?" అని ప్రాణం తీసింది. కోట చుట్టూ తిప్పినా అంత ఆసక్తి చూపించేది కాదేమో.

మన సాఫ్టువేరువాళ్ళకైతే బందరు కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. ఇక్కడి అద్దకం బట్టకి ఇరాన్‌లోనూ యూరప్‌లోనూ గిరాకీ ఉండేది. కంపెనీలు వాళ్ళ దేశం నుంచి నమూనాలు పంపించేవి. ఫలానా పువ్వు, ఫలానా రంగు, అంచు ఇంత వెడల్పు అని. ఇక్కడివాళ్ళు అది చూసి చేసి పంపేవాళ్ళు. క్లయింటు స్పెసిఫికేషన్, ఆఫ్‌షోర్ డెలివరీ! తర్వాత ఏమైందో తెలుసా? ఈ బట్ట మోజులో పడి తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నారని ఇంగ్లండులో గొడవ లేచింది. మన దేశపు అద్దకం బట్టల దిగుమతిని కట్టడి చేస్తూ 1700లో ఒక చట్టం, వాడకాన్నే నిషేధిస్తూ 1721లో ఇంకొకటి చేశారు. 2025 సెప్టెంబరులో హెచ్-1బి కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు మా టీములో లోకం తలకిందులైనట్టు మాట్లాడుకున్నారు. మన పక్క ఊరి అద్దకంవాళ్ళు ఇలాంటిది మూడువందల ఏళ్ళ కిందటే పడ్డారని ఎవరికీ తెలీదు. తెలిసుంటే ఉద్యోగాలు నిలబడతాయని కాదు గానీ, ఇలాంటిది లోకంలో ఇదే మొదటిసారన్నట్టు బెంబేలెత్తేవాళ్ళం కాదు.

మేం విజయవాడ నుంచి తిన్నగా బందరు రోడ్డు పట్టుకోకుండా గుడివాడ మీదుగా వెళ్ళాం. కారణం మా నాన్న. ఆయన చదివింది అక్కినేని పేరు మీదున్న కాలేజీలో. మామూలుగా రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి, గుడివాడ పొలిమేరలో మొదలెట్టి పెడన దాకా ఆపలేదు. నాగేశ్వరరావుది ఈ పక్క పల్లె, రామారావుది పామర్రు దగ్గర నిమ్మకూరు, ఘంటసాల పుట్టింది ఇక్కడికి దగ్గర్లో చౌటపల్లి, తెలుగు సినిమా అంతా ఒక పాతిక మైళ్ళలో పుట్టిందిరా అని. కొంచెం ఎక్కువ చెప్పాడనుకోండి, అయినా మాలో ఎవరం అడ్డు రాలేదు.

పెడనలో కలంకారీ షెడ్డుకి వెళ్ళాం. ప్యాకేజీ టూర్లో ఇలాంటివి ఉండవు, అడిగితే మాత్రం చక్కగా చూపిస్తారు. బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో, బర్రెపాలలో ముంచి ఆరబెడతారు. నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్ళు. ఎరుపుకి పటిక. పటికతో అచ్చు వేసినప్పుడు బట్ట మీద ఎరుపనేదే ఉండదు. తర్వాత రంగు చెక్కలతో ఉడకబెడితే, పటిక పడినచోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. అక్కడ పనిచేసే ఒకావిడ మా మేనకోడలి చేతికి ఒక చెక్క అచ్చు ఇచ్చి, పాత గుడ్డ మీద వేయించింది. వంకరగా పడిందని ఇది మొహం చిన్నబుచ్చుకుంటే, "నాకు తిన్నగా పడ్డానికి రెండేళ్ళు పట్టిందమ్మా" అందావిడ. స్క్రీన్ ప్రింటు, రసాయన రంగులు వచ్చాక పోటీ కష్టంగా ఉందని కూడా చెప్పింది. మనం మాల్‌లో కలంకారీ అని కొనే బట్టలో ఎంత కలంకారీయో ఆవిడ చేత్తో పట్టుకుని చెప్పేస్తుంది.

బందర్లో డచ్చివాళ్ళ సమాధులు చూశాం. ఆ ఊళ్ళో నాలుగు వందల ఏళ్ళ కిందటి సంగతికి కంటికి కనపడే ఆనవాళ్ళలో ఇదొకటి. పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశాల చిహ్నాలు, లోతుగా చెక్కిన డచ్చి అక్షరాలు. మాకు అక్కడ కనపడ్డ బోర్డు మాత్రం పాడుచేస్తే ఏం శిక్ష వేస్తారో చెప్పింది గానీ, పడుకున్నది ఎవరో చెప్పలేదు. "వీళ్ళు ఎందుకు చచ్చిపోయారు, ఇంటికెళ్ళలేదా?" అని మేనకోడలు అడిగింది. ఆ బోర్డు రాసినవాళ్ళకి తొమ్మిదేళ్ళ పిల్ల ఏం అడుగుతుందో ఎప్పుడూ తోచినట్టు లేదు. మా బావ ఫోనులో వెతికి ఏదో చెప్పాడు. వాకిట్లో కూర్చున్న ఒక పెద్దాయన అంతకన్నా బాగా చెప్పాడు. "ఆరేడు నెలలు ఓడలో వచ్చేవాళ్ళమ్మా, ఇక్కడ జ్వరాలు, సగంమంది తిరుగు ఓడ ఎక్కలేదు." పిల్లకి అర్థమైంది.

ఇక దివిసీమ. ఈ టపా రాయడానికి అసలు కారణం ఇదే.

కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివి. పులిగడ్డలో కాలువే నదిని దాటి అవతలికి వెళ్తుంది, అక్విడక్టు అంటారు. నది మీదుగా కాలువ వెళ్ళడం పిల్లకి చూపించి, ఇంజనీరింగ్ డిగ్రీ వెలగబెట్టినందుకు నేను కూడా ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చుకున్నాను. అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారక స్తూపం ఉంది. కారు ఆపాం, దణ్ణం పెట్టుకున్నాం, అయిదు నిమిషాల్లో మళ్ళీ ఎక్కాం. స్తూపం దగ్గర చూడ్డానికి అయిదు నిమిషాలు చాలు.

తర్వాతి రెండు గంటలు మా అమ్మమ్మవి.

అమ్మమ్మకి ఎనభై ఏళ్ళు. కారెక్కితే నిద్రపోతుంది. నాగాయలంక దాటాక వాళ్ళ ఊరి గట్టు మీదికి బండి ఎక్కగానే లేచి అద్దం దించమంది. రెండు పక్కలా రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్ముతూ ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఆవిడ వాటికేసి చెయ్యి చూపిస్తూ మొదలెట్టింది. "ఇక్కడ పదకొండు ఇళ్ళుండేవి. ఈ చివర మా పెదబావగారిది. పక్కన చాకలోళ్ళది. అదుగో ఆ తూము ఉందే, అక్కడ మా బర్రెల పాక." మేనకోడలు కిటికీలోంచి మెడ చాచి, "ఎక్కడ తాతమ్మా, నాకు నీళ్ళే కనపడుతున్నాయి" అంది. "అప్పుడూ నీళ్ళే కనపడ్డాయే తల్లీ" అంది అమ్మమ్మ.

1977 నవంబరు 19, శనివారం. సముద్రం సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కల్లోనే పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు ఊడ్చుకుపోయాయి. ఇవన్నీ నాకు అంకెలుగా తెలుసు, మీకూ తెలిసే ఉంటాయి. ఆ పదకొండు ఇళ్ళల్లో ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు మిగిలారు అన్నది అమ్మమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్తుంటే కార్లో ఎవరూ నోరెత్తలేదు. మా అమ్మకి అప్పుడు ఆరేళ్ళు. తాతయ్య తలగుడ్డతో అమ్మని తుమ్మచెట్టుకి కట్టేశాట్ట. తాడికన్నా తుమ్మే నయం, ముళ్ళు గుచ్చుకున్నా పట్టు దొరుకుతుంది అంది అమ్మమ్మ, కూరగాయలు ఎక్కడ బాగుంటాయో చెప్పినంత మామూలుగా.

అప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. నీళ్ళు తీశాక అందరికీ గుర్తున్నది ఆకలి కాదట, దాహం. చెరువూ నుయ్యీ అన్నీ ఉప్పు, చుట్టూ నీళ్ళే గానీ గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. ఇప్పటికీ టీవీలో తుఫాను అని వినపడితే మా అమ్మ మియాపూర్లోని మా మూడో అంతస్తు ఫ్లాటులో గిన్నెలు, బిందెలు, కుక్కరు కూడా వదలకుండా మంచినీళ్ళు పట్టేస్తుంది. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో! చిన్నప్పట్నుంచీ నేనూ అక్కా దాన్ని అమ్మ చాదస్తం కింద లెక్కేసి నవ్వుకునేవాళ్ళం. ఆ చాదస్తానికి ఒక తేదీ, ఒక ఊరు ఉన్నాయి. అవి తెలుసుకోవడానికి మేం ఆ గట్టు మీదికి వెళ్ళాల్సొచ్చింది. ఇంట్లో సోఫాలో కూర్చుని "అమ్మా, ఉప్పెన గురించి చెప్పు" అంటే వచ్చే మాటలు కావవి. ఆ తూము కనపడాలి, ఆ గాలి తగలాలి.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. కోట ఉన్న ఊరికి మనం ఎప్పుడు వెళ్ళినా కోట ఉంటుంది. పదేళ్ళు ఆగి వెళ్ళినా పోయేదేం లేదు. బందరు, దివిసీమ లాంటి చోట్ల కోట మనుషుల్లో ఉంటుంది. పదేళ్ళు ఆగితే రోడ్డు ఉంటుంది, చెరువులుంటాయి, పదకొండు ఇళ్ళు మాత్రం ఉండవు.

ఊరు కూడా ఆగదు. బందరు పోర్టు పనులు 2023 మే నెలలో మొదలయ్యాయి. పోర్టు వస్తే మంచిదే, నేను వద్దనేవాణ్ణి కాదు. ఉద్యోగాల కోసం ఊరొదిలిన మనకి ఆ ఊరు ఎదక్కుండా ఉండిపోవాలని కోరే హక్కు అసలు లేదు. కానీ పోర్టుతో పాటు రోడ్లు, గోదాములు, లేఅవుట్లు వస్తాయి. చూపించడానికి మిగిలిన ఆ నాలుగు ఆనవాళ్ళు కూడా మారిపోతాయి. ఊళ్ళో పుట్టినవే పేర్లు మార్చుకుంటున్నాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందర్లో మొదలెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రేపటి పిల్లలకి ఆ పేరు ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది.

"ఇదంతా ప్రభుత్వం చెయ్యాలండీ, మ్యూజియం కట్టాలి, గైడ్లని పెట్టాలి" అంటారా? కట్టాలి, పెట్టాలి. మంచి హోటళ్ళు, శుభ్రమైన టాయిలెట్లు కూడా కావాలి. మంగినపూడి బీచి దగ్గర మా ఇంటి ఆడవాళ్ళు పడ్డ అవస్థ చూశాను కాబట్టి ఆ విషయంలో నాకు వేరే అభిప్రాయమే లేదు. అయితే ఎంత మంచి గైడుకైనా మా పెదతాతయ్య ఇల్లు ఎక్కడుండేదో తెలీదు. ఆ పని మనదే.

ఇంకొకటి కూడా అంటారు. చిన్నపిల్లల్ని సెలవుల్లో తీసుకెళ్ళి చావుల కథలు వినిపించడమేంటి అని. అక్క కూడా మొదట ఇదే అంది. కానీ ఈ కథ చావులతో ఆగిపోదు. 1990 మే నెలలో దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే తీరానికి వచ్చింది. ఈసారి పోయినవాళ్ళు వెయ్యిలోపే. గాలి మెత్తబడలేదు. ముందే హెచ్చరించారు, లక్షమందికి పైగా జనాన్ని తరలించారు, తుఫాను షెల్టర్లు కట్టుకున్నారు. 1977లో దెబ్బతిన్న తర్వాత నేర్చుకున్న పాఠం అది. మనం ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే మర్నాడు కూర్చుని రూట్ కాజ్ రాస్తాం కదా, ఇది పదివేల ప్రాణాలతో రాసిన రూట్ కాజ్. అది విన్న పిల్ల భయపడలేదు. హైదరాబాదు వచ్చాక వాళ్ళ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని "తుఫాను వస్తే మనం ఏ షెల్టరుకి వెళ్ళాలి?" అని నిలదీసిందట.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాకు తోచిన నాలుగు ముక్కలు:

1. డిసెంబరు చివర్నుంచి సంక్రాంతి దాకా బాగుంటుంది. ఎండ బాధ లేదు, చేలల్లో కుప్పలు, నూర్పిళ్ళు కనపడతాయి. మూడు రోజులు పెట్టుకోండి. బందరు నుంచి అవనిగడ్డ గంట ప్రయాణం.

2. పెద్దవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక కూర్చుంటే నిద్రపోతారు. ముందు కూర్చుంటే దారి వాళ్ళ చేతిలోకి వస్తుంది.

3. లిస్టు పెద్దది చేసుకోకండి. దారిలో మొవ్వ, కూచిపూడి, ఘంటసాల బౌద్ధ స్తూపం, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద తలపెట్టిన శ్రీకాకుళం, మోపిదేవి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి అన్నీ ఉన్నాయి. అన్నీ చూస్తే ఏదీ వినలేరు. రోజుకి రెండు చాలు.

4. తొక్కుడు లడ్డు, నల్ల హల్వా మొదటి రోజే కొనకండి. ఇంటికొచ్చేసరికి ఖాళీ డబ్బా మిగులుతుంది (మా బావ పుణ్యం).

5. ఫోనులో రికార్డరు ఆన్ చేసి డాష్‌బోర్డు మీద పెట్టండి. ఫోటోలకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. నా దగ్గర అమ్మమ్మ గొంతు గంటా నలభై నిమిషాలుంది. మధ్యమధ్య హారన్లు, మా మేనకోడలి ప్రశ్నలు కూడా ఉన్నాయి, తీసెయ్యలేదు.

2027 నవంబరుకి దివిసీమ ఉప్పెనకి యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు ఇరవై ఏళ్ళ వయసున్నవాళ్ళకి అప్పటికి డెబ్భై. స్తూపాల దగ్గర పూలదండలు, టీవీల్లో కార్యక్రమాలు ఎలాగూ ఉంటాయి. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఆ నీళ్ళని చూసినవాళ్ళు ఉంటే, అప్పటిదాకా ఆగకండి. ఈ సెలవుల్లోనే బయల్దేరండి.